నిద్రలో మేలుకొని ఉన్నది

పెంచుకున్న పిల్లిని ఎదురుగా చూస్తూ బొమ్మ వేయడం నేర్చుకుందామంటే, మెలకువలో ఉన్న పిల్లి చేతికి చిక్కదు. గీత సగంలో ఉండగానే తల తిప్పేస్తుంది, లేచి వెళ్లిపోతుంది. అందుకే ఎవరైనా నిద్రపోతున్న పిల్లితోనే మొదలుపెడతారు. రోజుకు 12 నుంచి 16 గంటలు నిద్రపోయే జీవి కనుక అవకాశాలకు కొదవ లేదు. అసలు కష్టం అప్పుడే తెలుస్తుంది. చెవులు, తోక, ముడుచుకున్న కాళ్లు అన్నీ కుదిరినా కాగితం మీది పిల్లిలో ప్రాణం కనిపించదు.

ఈ కష్టం మన పెద్దలకు తెలుసు. విష్ణుధర్మోత్తర పురాణం మూడో ఖండంలో చిత్రసూత్రం అనే భాగం ఉంది. మార్కండేయ మహర్షి వజ్రుడనే రాజుకు చిత్రకళను బోధించే ఘట్టం అది. నిద్రపోతున్నవాణ్ని చైతన్యంతోనూ, చనిపోయినవాణ్ని చైతన్యం లేకుండానూ చూపగలిగినవాడే చిత్రం తెలిసినవాడని మహర్షి చెబుతాడు. ఇద్దరి కళ్లూ మూసుకునే ఉంటాయి, ఇద్దరూ కదలరు. తేడా ఎక్కడుందో చూడగలగాలి. ఇది చిత్రకారులకే కాదు, సాధకులందరికీ పెట్టిన పరీక్ష అని నా నమ్మకం.

మా ఇంటి పిల్లి మధ్యాహ్నం పూట బియ్యం డబ్బా మీద పడుకుంటుంది. దగ్గర కూర్చుని చూస్తే, పక్కటెముకలు ముగిసి డొక్క మొదలయ్యే చోట బొచ్చు మెల్లగా లేచి పడుతుంటుంది. నిద్రలో పిల్లి నిమిషానికి 15 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. ఆ ఊపిరికి వెన్ను గీత దాదాపు మారదు, డొక్క గీత మాత్రం ప్రతిసారీ మారుతుంది. వంటింట్లో పాలగిన్నె మూత చప్పుడైతే కళ్లు తెరవదు కానీ ఒక చెవి అటు తిరుగుతుంది. ఇంకాసేపటికి ముందరి పంజా వేళ్లు అదురుతాయి, మీసాలు వణుకుతాయి. పెన్సిల్‌కు దారి చూపేవి ఇవే. ఒంటి బరువంతా డబ్బా మీద ఆనిన చోట గీత గట్టిగా పడాలి. డొక్క దగ్గర ఆనీ ఆననట్టు సాగాలి. అక్కడ కూడా గట్టిగా గీసి బిగించేస్తే బొమ్మలో ఊపిరి ఆగిపోతుంది.

ప్రశ్నోపనిషత్తులో గార్గ్యుడు పిప్పలాద మహర్షిని అడిగింది సరిగ్గా దీని గురించే. ఈ దేహంలో నిద్రపోయేవి ఏవి, మేలుకొని ఉండేవి ఏవి, కలలు చూసేదెవరు? ఇంద్రియాలన్నీ మనస్సులో అణగిపోయాక ఈ పురంలో ప్రాణాగ్నులు మాత్రమే మేలుకొని ఉంటాయని మహర్షి జవాబు. దేహం నిద్రపోతున్నా లోపల యజ్ఞం సాగుతూనే ఉంటుంది. ఉచ్ఛ్వాస నిశ్వాసాలు అందులో వేసే రెండు ఆహుతులు. ఎన్నిసార్లు చదివినా నాకు తత్త్వచర్చగానే మిగిలిన ఆ మాట, పిల్లి డొక్క మీద కళ్లు నిలిపాక కంటికి కనిపించే సత్యమైంది. ఆ అగ్నులు మనిషి ఒంట్లోనే వెలుగుతాయని ఎలా అనుకోగలం?

అయితే చూడటం అంత తేలిక కాదు. మన మనస్సులో ముందే ఒక పిల్లి ఉంటుంది. చెయ్యి దాన్నే గీస్తుంది. ఉదాహరణకు, వెనక కాలిలో వెనక్కి వంగినట్టు కనిపించే కీలును మోకాలు అనుకుంటాం. పిల్లి వేళ్ల మీద నడిచే జంతువు, అది దాని మడమ. మోకాలు ఇంకా పైన, పొట్టకు దగ్గరగా ఉంటుంది. ఉన్నదాని మీద లేనిదాన్ని మోపడాన్నే శంకర భగవత్పాదులు అధ్యాస అన్నారు. దీన్ని పోగొట్టడానికే కాబోలు, కిమోన్ నికొలాయిడిస్ అనే అమెరికన్ చిత్రకళా గురువు ఒక అభ్యాసం చెప్పాడు. 1941లో వచ్చిన ఆయన పుస్తకంలో అది ఉంది. కాగితం వైపు చూడకూడదు. ఎదుటి వస్తువు అంచునే పెన్సిల్ మొన తాకుతోందన్న భావనతో, కన్ను కదిలినంత మెల్లగా చెయ్యి కదలాలి. ఇది చదివినప్పుడు నాకు భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత చెప్పిన శరకారుడు గుర్తొచ్చాడు. బాణం చెక్కుతూ, పక్కనుంచి రాజు మేళతాళాలతో వెళ్లినా గమనించని ఆ మనిషిని అవధూత తన 24 మంది గురువుల్లో చేర్చుకున్నాడు.

బయటి నిశ్చలత ఒక్కటే చాలదని మహాబలిపురం శిల్పులకూ తెలుసు. ఏడో శతాబ్దపు గంగావతరణ శిల్పంలో ఒక పిల్లి వెనక కాళ్ల మీద నిలబడి, ముందరి కాళ్లు పైకెత్తి తపస్సు చేస్తుంటుంది. చుట్టూ ఎలుకలు. ఉద్యోగపర్వంలోని దొంగ తపస్వి పిల్లి కథ అది చూడగానే గుర్తొస్తుంది. పిల్లిని ఎంతో కాలం దగ్గరగా చూసినవాడే ఆ రాతిని చెక్కి ఉంటాడు.

నిద్ర చాలించి పిల్లి లేచి వెళ్లిపోతే సగం గీతను అలాగే వదిలి, పక్కనే ఇంకొకటి మొదలుపెట్టాలి. మిగతాది ఊహతో పూరించకూడదు. లియొనార్డో డావిన్చీ గీసిన ఒక కాగితం ఇంగ్లండు రాజకుటుంబ సేకరణలో ఉంది. నిద్రపోయే పిల్లులు, పోట్లాడుకునే పిల్లులు, ఒళ్లు నాక్కునే పిల్లులు ఒకదాని పక్కన ఒకటి దాని నిండా ఉన్నాయి. అంతటివాడే అన్నిసార్లు మళ్లీ మళ్లీ చూశాడు. మీ ఇంట్లో పిల్లలకు బొమ్మల మీద ఆసక్తి ఉంటే ఫోన్‌లో ఫొటో చూసి వేయమనకండి. నిద్రపోతున్న పిల్లి పక్కన కూర్చోబెట్టి, ముందు దాని ఊపిరి లెక్కపెట్టమనండి. ఆ తర్వాతే పెన్సిల్ ఇవ్వండి.