తాళము వెనుక దాగిన లెక్క

ఒకప్పుడు మన రైల్వే స్టేషనులలో బరువు తూచు యంత్రము లుండెడివి. నాణెము వేసినచో బరువును, దానితోపాటొక జోస్యవాక్యమును ముద్రించిన చిన్న అట్టముక్క వెలువడెడిది. జోస్యము నిజమైనను కాకున్నను, చెల్లించిన నాణెమునకు బరువు మాత్రము తెలిసెడిది. నాణెమును గ్రహించి పెక్కుమార్లు ఆశను మాత్రమే యిచ్చు యంత్రము వేరొకటి కలదు. అదియే అమెరికా దేశమున ప్రసిద్ధి చెందిన స్లాట్ మెషీన్ అను జూదయంత్రము.

బవేరియానుండి వలసపోయిన చార్లెస్ ఫే అను యంత్రనిర్మాత, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 19వ శతాబ్ది చివరి దశకమున ‘లిబర్టీ బెల్’ అను యంత్రమును నిర్మించెను. దానికి మూడు చక్రములు, ఒక పిడి. మూడింటను గంటబొమ్మయే వచ్చి నిలిచినచో 50 సెంట్లు లభించును. అదియే అత్యధిక బహుమానము. తరువాత షికాగోలోని మిల్స్ నావెల్టీ కంపెనీ మొదలగు సంస్థలు ఇట్టి యంత్రములను విస్తారముగా తయారుచేసినవి. 1909లో శాన్‌ఫ్రాన్సిస్కో నగరమును, 1911లో కాలిఫోర్నియా రాష్ట్రమును వీనిని నిషేధించినవి. నిషేధములను తప్పించుకొనుటకు కొందరు వ్యాపారులు యంత్రమునుండి చూయింగ్ గమ్ కూడ వచ్చునట్లు చేసి, ఇది జూదము కాదు, అమ్మకమే యని వాదించిరి. పాపము మొదట వెదకునది మారుపేరునే కదా!

అట్టి పాతయంత్ర మొకటి తాతగారి యింటి అటకమీద వారసునకు దొరకిన దనుకొందము. తాళపుచెవి లేదు. లోపల నాణెములు గలగలమనుచున్నవి. దీని వయస్సెంత? దీనిని తెరచు టెట్లు? ఇవి చేతిపనికి సంబంధించిన ప్రశ్నలుగా కనబడును. కాని వీనిలో ధర్మప్రశ్న యిమిడి యున్నది.

వయస్సును బట్టి వెలయే కాదు, చట్టమును మారును. కాలిఫోర్నియాలో 25 సంవత్సరములు దాటిన యంత్రమును పురాతనవస్తువుగా ఉంచుకొనవచ్చును. కొన్ని రాష్ట్రములందు ఎంత పాతదైనను నిషిద్ధమే. కావున వయస్సు పెంచి చెప్పవలెనను ఆశ కలుగుట సహజము. అయితే ఫలకముపై నున్న పేటెంటు తేదీ, ఆ ఫలకము అంతకు పూర్వపుది కాదని మాత్రమే చెప్పును. యంత్రము ఆ యేటనే పుట్టినదని చెప్పదు. లోపలి నాణెములలో మిక్కిలి కొత్తదానిపై నున్న సంవత్సరము, అది యెప్పటికి ముందు పడలేదో తెలుపును. యంత్ర మెప్పుడు పుట్టెనో తెలుపదు. పెట్టెపై నున్న సంఖ్యయు, లోపలి యంత్రభాగముపై నున్న సంఖ్యయు కలియనిచో, రెండు యంత్రములను జోడించిరేమో యని శంకింపవలెను. సాక్షి పలికినంతవరకే వినవలెను. సాక్షి నోట మన మాట పెట్టరాదు.

ఇక తెరచుట. పిడి లాగినపుడు స్ప్రింగులు బిగియును, చక్రములు తిరుగును. గాలిరెక్కతో వేగ మదుపులో నుండు గడియారపు యంత్రము వానిని ఒకదాని వెనుక నొకటిగా నిలుపును. ఏండ్లతరబడి కదలనిచో చమురు జిగురువలె గట్టిపడును. అప్పుడు పిడిని బలముగా లాగినచో భాగములు విరుగును. తాళమును తొలిచినచో పాతతాళము మరల రాదు. ఓర్పు గల తాళములపనివాడు తాళమును పరిశీలించి క్రొత్త తాళపుచెవిని చేయగలడు. తొందరపాటు తాళమును జయించును గాని, వస్తువును పోగొట్టుకొనును.

తలుపు తెరువగనే అసలు రహస్యము బయటపడును. తరువాతి కాలపు యంత్రములలో సాధారణముగా చక్రమునకు 20 బొమ్మలు. మూడు చక్రములకు కలయికలు 8000. ఒక బొమ్మ ఒక్కొక్క చక్రమున ఒకమారే యున్నచో, మూడింటను అది కలియుట 8000లో ఒక్కమారు. ఆటగా డదృష్ట మనుకొన్నది, నిర్మాత ముందుగనే వ్రాసి యుంచిన లెక్క. ఆ తాళము నాణెములను మాత్రమే కాదు, ఈ లెక్కను గూడ కాచినది.

ఆటగాడు తన యిష్టముతోనే వచ్చెను గదా, బహుమానముల పట్టిక యెదుటనే యుండెను గదా యని కొంద రందురు. ఎంత వచ్చునో పట్టిక చెప్పినది. ఎంత అరుదుగా వచ్చునో చెప్పలేదు. ధర్మరాజు తానై జూదమున కంగీకరించినంత మాత్రమున శకుని కపటము కడిగివేయబడలేదు. తెలిసి యిచ్చినదే సమ్మతి. తెలియక యిచ్చినది మోసమునకు వాకిలి. కాయకమును విడిచి ఫలమును కోరిన ఆటగాని దోషమును లేకపోలేదు. కాని ఆశపడినవాని దోషము, దాచినవాని దోషమును తగ్గింపదు.

కావున ఆ వారసుని ధర్మము స్పష్టము. తెలిసిన వయస్సునే చెప్పవలెను. మార్చిన భాగము లేవియో కొనువానికి చూపవలెను. తన పిల్లలను పిలిచి, వెనుకతలుపు తెరచి యుంచి, మూడు చక్రములపై నున్న బొమ్మలను వారిచేతనే లెక్కింపజేయవలెను. లెక్క నేర్చిన బిడ్డ ఆ పిడిని వినోదమునకై లాగవచ్చును గాని, ఆశతో లాగడు.