దుంపను విడదీసినట్టు సంఘమును విడదీయవచ్చునా?



మన పూర్వులు బ్రతుకుదెరువు కొరకు ఊళ్ళు విడిచి వచ్చి, పరాయి భాషల నడుమ ఒక్కచోట చేరి కట్టుకొన్న సంఘములు మనవి. ఇప్పుడు పట్టణములు పెరిగినవి. పిల్లలు ఊరి చివర ఇళ్ళు కట్టుకొన్నారు. రెండు బస్సులు మారి ఆరాధనకు రాలేక, "మేము అక్కడే కూడుకొంటాము" అని అడుగుతున్నారు. "క్రీస్తు శరీరమును రెండు చేస్తారా?" అని పెద్దలు బాధపడుతున్నారు. ఇది చాలా చోట్ల వినబడే మాట. విడిపోవడము ఎల్లప్పుడూ పాపమేనా?

ఐరిస్ అనే పూలమొక్క ఈ విషయములో కొంత నేర్పుతుంది. కొంతవరకే. దీని దుంప అల్లపు కొమ్మువలె నేలబారున ప్రాకుతుంది. గడ్డపు ఐరిస్ అనే రకమునకు చలి కావాలి. మన మైదానపు వేడిమికి అది సరిగా పూయదు. దుంప వీపు ఎండకు కనబడేటట్టు పైపైన నాటాలి, లోతుగా పూడ్చి నీళ్ళు నిలువబెడితే కుళ్ళిపోతుంది. ఒక దుంప ఒక్కసారే పూస్తుంది. తరువాత దాని ప్రక్కల పుట్టిన పిల్లలు పూస్తాయి, మన అరటి పిలకలవలెనే. మూడు నాలుగేండ్లకు పాదు ఇరుకై పూలు తగ్గిపోతాయి. ఎరువు ఎంత వేసినా లాభము ఉండదు. పూత అయిన తరువాత పెళ్ళగించి, ఆకులు కురచగా కత్తిరించి, ప్రతి ముక్కకు వేరూ ఆకుల గుత్తీ ఉండేటట్టు కోసి, కోత ఆరనిచ్చి, అడుగు దూరమున నాటుకోవాలి. వేరులేని ముక్క ఎండిపోతుంది. ఆకులు లేని ముక్కకు కాలము పడుతుంది.

కనుక విడదీయడము పెంపకములో ఒక భాగము. అయితే విడదీయడము వేరు, చీల్చుకోవడము వేరు. అపొస్తలుల కార్యములు తెరచి చూడండి. పదమూడవ అధ్యాయములో అంతియొకయ సంఘము ఉపవాసముండి, ప్రార్థన చేసి, చేతులుంచి పౌలు బర్నబాలను పంపివేసింది. పదిహేనవ అధ్యాయములో ఆ ఇద్దరే మార్కు విషయమై తీవ్రముగా వాదించుకొని చెరొక దారిన పోయారు. మనుష్యులు వారే, ఎడబాటు మాత్రము ఒక్కటి కాదు. పౌలు తన చివరి దినములలో అదే మార్కును వెంటబెట్టుకొని రమ్మని తిమోతికి వ్రాయవలసివచ్చింది. రెండవ రకపు ఎడబాటును కూడా దేవుడు వాడుకొన్నాడు కదా అని కొందరు అంటారు. వాడుకొన్నాడు, నిజమే. అంతమాత్రాన జగడము మంచిదయిపోదు.

మన చరిత్రలోనూ ఇది ఉన్నది. ఒంగోలు సంఘము 1867లో ఎనిమిది మందితో మొదలయింది. 1878 జూలై 3న ఒక్క దినమే 2222 మంది బాప్తిస్మము పొందారు. ఆ తరువాతి ఏండ్లలో కంభము, వినుకొండ, నరసరావుపేట, బాపట్ల వేరు స్టేషన్లయినవి. ఒంగోలు తన పిల్లలను పట్టుకొని కూర్చొనలేదు.

ఇంకొక రకము ఉన్నది. దక్షిణ అమెరికా నుండి వచ్చిన దీనిని 'నడిచే ఐరిస్' అంటారు. నీడలోనూ, కుండీలోనూ బ్రతుకుతుంది కనుక బెంగుళూరు వంటి చోట్ల దీనిని పెంచుకోవచ్చు. పండ్రెండు ఆకులు వచ్చేవరకు పూయదని దీనికి అపొస్తలుల మొక్క అని కూడా పేరు పెట్టారు. (ఆకులు లెక్కపెట్టుకోవడము మన ఆదివారపు బడి పిల్లలకు మంచి పని.) పువ్వు ఒక్కరోజే ఉంటుంది. అది వాడిన చోట, కాడ కొనన, పిల్ల మొక్క పుడుతుంది. ఆ బరువుకు కాడ వంగి నేలను తాకుతుంది, అక్కడ పిల్ల వేరూనుకొంటుంది. అంతవరకు తల్లి ఆహారము ఆ కాడగుండానే అందుతుంది. నా మట్టుకు నాకు కత్తికంటె ఈ పద్ధతి నచ్చుతుంది. క్రొత్త కూటమునకు అద్దె తల్లి సంఘమే కట్టాలి, పాస్టరుగారు నెలకు రెండు ఆదివారములు అక్కడికి వెళ్ళాలి. వేరూనకముందే కాడ తెంపి, "మీ కానుకలు మీరే చూచుకోండి" అనడము న్యాయము కాదు.

అక్కడి పిల్లలు కన్నడములోనో తమిళములోనో పాడతారనే భయము ఒకటి ఉన్నది. పాడతారు. అది నష్టమే, కాదని ఎందుకు చెప్పాలి? కాని నష్టమైన ప్రతిదీ అపరాధము కాదు.

ఒక్క చోట మాత్రము ఈ పోలిక నాకు ఒప్పుదల కాదు. విడదీసేటప్పుడు తోటమాలి పూత అయిపోయిన నడిమి దుంపను పారవేస్తాడు. దుంపకు అది సరే. సంఘములో ఆ నడిమి దుంప ఎవరు? ఆటో ఎక్కలేని విధవరాండ్రు, పింఛను మీద బ్రతికే వృద్ధులు. పడుచు కుటుంబములు వెళ్ళిపోతే వారిని ప్రభురాత్రి భోజనమునకు ఎవరు చేయిపట్టి తీసుకొని రావాలి? మంచము పట్టినవారి ఇంటికి రొట్టె, ద్రాక్షారసము ఎవరు తీసుకొనిపోవాలి? క్రొత్త కూటము కొరకు సంఘము తీర్మానము వ్రాసేటప్పుడు, అద్దె లెక్కకు ముందు ఆ పేర్లు వ్రాసి, ఒక్కొక్క పేరు ఎదుట వెళ్ళిపోయే కుటుంబములలో ఒకరి పేరు వ్రాయించండి.