కూడబలుక్కొని చదివేటోడు

కాజీపేట స్టేషన్‌ల బోర్డు ముందర నిలబడి మా నాయిన చదివేటోడు. కా... జీ... పే... ట. పుట్టి పెరిగిన ఊరి పేరును చచ్చేదాక కూడబలుక్కొనే చదివిండు. గ్యాంగుమన్ పని. సుత్తెతో కొడితే వచ్చే చప్పుడును బట్టి పట్టా ఎక్కడ వదులయిందో చెప్పేటోడు. ఆయనకు ఏదో వైకల్యం ఉందని ఎవరూ అనలేదు. చదువురాని మాదిగోడన్నరు, అంతే.

నేనూ నెమ్మదే. ఐదో తరగతిల సారు నన్ను లేపి పాఠం చదవమన్నడు. నేను ఒత్తుల దగ్గర ఆగిన. 'మీ జాతికి అక్షరం ఎక్కదురా' అన్నడు. నా ముందు బల్లమీది కరణం గారి పిల్లగాడూ అట్లనే ఆగేటోడు. వానికి మాత్రం 'చూపు ఆనుతలేదేమో, అద్దాలు పెట్టించమను మీ నాయినను' అన్నడు. అదే ఆగుడు. వానిది కండ్లల్ల ఉన్నది, నాది పుట్టుకల ఉన్నది.

ఇప్పుడు నా మనుమడు ఇంగ్లీషు మీడియంల నాలుగో తరగతి. డిస్లెక్సియా ఉందేమో పరీక్ష చేయించమని బడి నుంచి కబురొచ్చింది. నా బిడ్డ ఏడ్చింది. నాకు కోపమొచ్చింది. నిన్న జాతిల పెట్టిన లోపాన్ని ఇయ్యాల మెదడుల పెడుతున్నరనిపించింది.

కాని ఆ కోపం పూర్తిగా న్యాయం కాదు. 1896లో ప్రింగిల్ మోర్గన్ అనే ఇంగ్లండు డాక్టరు పద్నాలుగేండ్ల పిల్లగాని గురించి రాసిండు. అన్నిట్ల చురుకు, చదువు మాత్రం పట్టుబడదు. పాఠాలన్నీ నోటితోనే చెప్తే బడిల వానంత తెలివైనోడు ఉండడని వాని పంతులే చెప్పిండట. మా వాడల అట్లాంటోళ్లు ఎంతమంది పోయిన్రో! వికలాంగుల 1995 చట్టంల ఈ ఇబ్బందికి చోటు లేదు, 2016 చట్టంల దొరికింది.

ఇంగ్లీషుల రాసేదొకటి, పలికేదొకటి. పిల్లగాడు తప్పు చదివితే అందరికీ వినిపిస్తది. తెలుగుల రాసిందే పలుకుతం కాబట్టి తప్పులు తక్కువ, నెమ్మదే ఎక్కువ కనబడుతది. అందుకని నెమ్మదిని కొట్టిపారేయలేం. అట్లని దాన్నే రుజువనలేం. గుణింతాలు, ఒత్తులు కలిస్తే వందల రూపాలు. ఇంట్ల పుస్తకం లేని పిల్లలకు అవి కండ్లకు అలవాటు కావడానికి ఏండ్లు పడుతది.

2013ల అమెరికా మానసిక వైద్యుల సంఘం ఒక షరతు పెట్టింది. చదువు సరిగ చెప్పకపోవడమో, బడి భాష రాకపోవడమో కారణమైతే దీన్ని వైకల్యమనొద్దు. మంచి షరతే, మన పిల్లల మీద ఊరికే ముద్ర పడదు. కాని తిరగేసి చూడుండ్రి. మన పిల్లలకు బడి సరిగుండదు, భాష మనది కాదు. మరి మన వాడల నిజంగనే ఆ ఇబ్బంది ఉన్న పిల్లను ఎవడు నమ్ముతడు? 'పేదరికం, అంతే' అని పంపిస్తరు. పరీక్షల అదనపు టైము మాత్రం డాక్టరు ఫీజు కట్టగలిగినోళ్ల పిల్లలకు పోతది. ఒక్క పిల్లలోనే రెండు కారణాలూ ఎందుకుండొద్దు?

ముందుగాల కొట్టకుండ, ఇంటి మాటల కొన్ని నెలలు చదువు చెప్పుండ్రి. అప్పుడూ కదలకపోతే పేరు పెట్టుండ్రి, హక్కు ఇయ్యుండ్రి. నా బిడ్డకు ఇదే చెప్పిన. 'అప్పటిదాక పరీక్షలు ఆగుతయా నాయినా?' అన్నది. జవాబు లేదు నా దగ్గర.

నిన్న పొద్దుగూకినంక వాడు నా పక్కన కూసోని పేపరు హెడ్డింగు చదివిండు. వేలు పెట్టి, ఆగి ఆగి. నేనూ లోపల చదువుకున్న. ఇద్దరం ఒక్కసారే అయిపోగొట్టినం. సోమవారం పరీక్షకు తీస్కపోతున్నం.