సంతకం తర్వాత సాధకం



పాటల కంపెనీ కాగితం మీద ఓ కుర్రాడు సంతకం పెట్టాడో లేదో, ఊరంతా ఫ్లెక్సీలే. సంతోషమే! కానీ కంపెనీ పాటను జనం దాకా చేరుస్తుంది, అంతే. రెండోసారి వినాలనిపించాల్సింది గొంతు. ఫ్లెక్సీ కట్టిన వారానికే హార్మోనియం అటకెక్కితే ఎలా?

మన కర్నూలులోనే ఉండేవారు కర్ణాటక సంగీత విద్వాంసుడు శ్రీపాద పినాకపాణి. వృత్తికి డాక్టరు, వైద్య కళాశాలలో ప్రొఫెసరు. 1983లో, డెబ్బై ఏళ్లప్పుడు, మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. అంతకు మించిన ముద్ర ఏ కంపెనీ వేస్తుంది? అయినా ఆయన పాఠం ఆపలేదు. గమకంలో స్వరం ఎక్కడ ఊగుతుందో, ఎంత ఊగుతుందో కాగితం మీద పట్టాలన్న పంతం ఆయనది. తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసిన ‘సంగీత సౌరభం’ నాలుగు సంపుటాలూ ఆ చాకిరీయే. గాయకులు మల్లాది సోదరులు ఆ పెద్దాయన దగ్గర కూడా నేర్చుకున్నారు.