దూరపు వైద్యుడు, దగ్గరి చేయి

ధ్యానభాగము: మత్తయి 8:1–15



కొంతకాలము క్రిందట మేము మన సంఘపు తల్లి యొకామెను చూచుటకు ఆసుపత్రికి పోయితిమి. ఆమె మంచముప్రక్క ఒక పెట్టె యుండెను. గుండె కొట్టుకొను వేగము, రక్తపుపోటు, రక్తములోని ప్రాణవాయువు దానిమీద అంకెలుగా కనబడుచుండెను. అవే అంకెలు వార్డు చివరనున్న నర్సమ్మ బల్లమీద కూడ కనబడునట్లు అమర్చియుండిరి. మేము ఆ వింతను చూచుచు, ఆమె కుమారుని ఏవేవో ప్రశ్నలడుగుచు చాలసేపు నిలుచుంటిమి. అప్పుడామె మెల్లగా, "అయ్యగారూ, వచ్చినప్పట్నుంచి ఆ పెట్టె దిక్కే చూస్తాండారు. నేను ఈడ ఉండాను" అనెను. మేము సిగ్గుపడి ఆమె చేయి పట్టుకొంటిమి.

ఆ మాట మమ్మును నేటివరకు విడువలేదు. యంత్రము రోగిని కనిపెట్టుచున్నప్పుడు, మనము కనిపెట్టవలసిన బాధ్యత తీరిపోయినదా? ఈ ప్రశ్నను మీతోకూడ ఆలోచింపగోరుచున్నాము.

యంత్రములను నిందించుటకు మేమిది వ్రాయుటలేదు. మన సీమలో దూరమే సగము రోగము. మన పెద్దలు రోగిని ఎద్దులబండిలో పండుకొనబెట్టుకొని, లండన్ మిషనువారు జమ్మలమడుగులో స్థాపించిన క్యాంబెల్ ఆసుపత్రికి పోవుచుండిరి. 1956లో కర్నూలునకు వైద్య కళాశాల వచ్చినది. అయినను ఆదోనినుండి కర్నూలు ఇంచుమించు నూరు కిలోమీటర్లు. గుండెపోటు వచ్చినవానికి ఆ దారి చాల పొడవు. గుండెకు రక్తము పోవు నాళములో గడ్డ అడ్డుపడినప్పుడు, గడియ గడియకును గుండె కండ చచ్చుచుండును.

ఇందు నిమిత్తమే 2023లో మన రాష్ట్ర ప్రభుత్వము స్టెమీ అను కార్యక్రమమును ఆరంభించి, కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలను దాని కేంద్రములలో ఒకటిగా చేసెను. దాని పద్ధతి యిది. చిన్న ఆసుపత్రిలో రోగి రొమ్ముకును కాలుసేతులకును తీగెలు తగిలించి ఇ.సి.జి. తీయుదురు. ఆ గీతలు వెంటనే పెద్దాసుపత్రిలోని గుండె వైద్యునికి చేరును. అది గుండెపోటే యని ఆయన చెప్పినయెడల, గడ్డను కరిగించు టెనెక్టిప్లేస్ అను సూదిమందును తగినవారికి అక్కడనే యిచ్చి, తరువాత పెద్దాసుపత్రికి పంపుదురు. రోగికంటె ముందుగా అతని గుండె వార్త పట్టణము చేరుచున్నది!

ఈ తలంపు నేటిది కాదు. 1905లో హాలెండు దేశమందలి లైడెన్ నగరమున విలెమ్ ఐంథోవెన్ అను శాస్త్రజ్ఞుడు, ఆసుపత్రిలోని రోగి గుండె గీతలను టెలిఫోను తీగెద్వారా ఒకటిన్నర కిలోమీటరు దూరముననున్న తన ప్రయోగశాలలో పొందెను. ఆయన యంత్రము మిక్కిలి పెద్దది. దానిని రోగియొద్దకు మోసికొనిపోవుట సాధ్యము కాదు. అందుచేత రోగి గుండె వార్తనే యంత్రమునొద్దకు రప్పించెను. 1924లో ఆయనకు నోబెల్ బహుమానము లభించినది.

ఇప్పుడు మత్తయి సువార్త ఎనిమిదవ అధ్యాయమును తెరచి చూతము. కపెర్నహూములో శతాధిపతి దాసుడు ఇంటిలో బాధపడుచుండగా, ప్రభువు ఆ యింట అడుగుపెట్టకయే, దూరమునుండి మాటతో బాగుచేసెను. కాని ఆ కథకు ముందు ఏమున్నది? ఎవరును ముట్టని కుష్ఠరోగిని ప్రభువు ముట్టెను. తరువాత ఏమున్నది? జ్వరముతోనున్న పేతురు అత్త చేతిని ముట్టెను. దూరపు స్వస్థత రెండు స్పర్శల నడుమ నున్నది. ప్రభువు మాటను మనుష్యుల యంత్రముతో సమానము చేయుట మా యుద్దేశము కాదు. దూరమునుండి బాగుచేయగలవాడే, దగ్గరకు వచ్చినప్పుడు ముట్టుట మానలేదని గమనింపుడని మాత్రమే చెప్పుచున్నాము.

మరియొకటి. ఆ దూరపు స్వస్థతకు ముందుగా ఒక మనుష్యుడు నడచివచ్చెను. శతాధిపతి తన దాసుని బాధను చూచెను, చూచినవాడు ఊరకుండలేదు. మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? రొమ్ము నొప్పి అనగానే "గ్యాసు పట్టింది" అని సోడా త్రాగించి పండుకొనబెట్టుదుము. ఇంటి ఆడవారు కూలి పోవునని నొప్పిని చెప్పుకొనరు, మనము అడుగము. కర్నూలులో వైద్యుడు సిద్ధముగానున్నను, ఇక్కడ చూచువాడు లేనియెడల ఆ తీగె ఏ వార్తను మోయును? తీగెకు ఆ కొన వైద్యునిది, ఈ కొన మనది.

యంత్రపు అంకె కూడ తప్పిపోవచ్చును. 2020, 2021 సంవత్సరములలో కరోనా వచ్చినప్పుడు వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు మన పల్లెలలోనికిని వచ్చినది. అది ఎందరికో మేలు చేసినది. అయితే నల్లని చర్మముగల రోగులలో అది కొన్నిసార్లు ఉన్నదానికంటె ఎక్కువ ప్రాణవాయువును చూపుచున్నదని 2020 డిసెంబరులో అమెరికా వైద్యులు ప్రకటించిరి. అంకె బాగున్నను ఆయాసపడుచున్న ముఖమును చూచి "డాక్టరుగారూ, ఒకసారి రండి" అని పిలుచువాడు మంచమునొద్ద ఉండవలెను.

ఒక నర్సమ్మ చేతిక్రింద అనేక మంచములుండును. యంత్రము ఆమెకు బదులుగా లెక్కబెట్టి, అపాయము రాగానే మ్రోగి పిలుచుట గొప్ప సహాయమే. దానివలన ఆమెకు ఒక నిమిషము మిగిలినది. ఆ నిమిషము ఎవరిది? అది రోగిది. దిండు సరిచేయుటకు, నీళ్లు త్రాగించుటకు, "భయపడకమ్మా" అనుటకు అది దొరికినది. ఆ నిమిషమును రోగికి ఇయ్యనియెడల, యంత్రము మన దయను పెంచలేదు. మన సోమరితనమునే పెంచినది. చూడబోయిన మనకును ఇదే న్యాయము.

కాబట్టి ప్రియులారా, ఈ మాసమున ప్రతి యింటివారును ఒక తీర్మానము చేసికొందురు గాక. రొమ్ము నొప్పి, చెమటలు, ఆయాసము కనబడిన వెంటనే తెల్లవారువరకు ఆగక 108కి ఫోను చేయుడి. రోగిని చూడబోయినప్పుడు పెట్టెను ఒకసారి చూడుడి, ముఖమును మరల మరల చూడుడి. అంత్యదినమున ప్రభువు మనలను అంకెలు అడుగడు. రోగినైయున్నప్పుడు నాయొద్దకు వచ్చితివా అని అడుగునని మత్తయి ఇరువదియైదవ అధ్యాయము మనకు బోధించుచున్నది.

వైద్యులకు జ్ఞానమును, నర్సమ్మలకు ఓర్పును, మనకు చూచు కన్నులను ప్రభువు దయచేయును గాక. ఆమేన్.