మొక్కు లేని ప్రయాణం

మన ఆడవాళ్ళ ప్రయాణాలకి ఎప్పుడూ ఓ కారణం ఉండి తీరాలి. మగవాడు "ఊరికే అలా వెళ్ళొస్తాను" అని చెప్పులు తొడుక్కోవచ్చు. ఆ "ఊరికే" అన్న మాట ఇల్లాలి నోట ఎంతమంది విన్నారో చెప్పండి! పురుడు పొయ్యడానికి వెళ్తాం. పెళ్ళికి వెళ్తాం. పరామర్శకి వెళ్తాం. ఇవేవీ లేకపోతే దేవుడున్నాడు. తిరుపతి మొక్కు అంటే ఇంక ఎవరూ నోరెత్తరు. ఒంట్లో బాగాలేదన్నా ఫరవాలేదు. దేవుడూ, రోగమూ మనకి రెండు పాసుపోర్టులు.

మా వికారాబాదు పక్కనున్న అనంతగిరి కొండల్లో ఈ రెండూ దగ్గరదగ్గరే ఉన్నాయి. అనంతపద్మనాభస్వామి గుడి ఉంది. నిజాం కాలంలో వెలిసిన క్షయ ఆస్పత్రీ ఉంది. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టేదాకా క్షయకి సరైన మందే లేదు. కొండగాలి, విశ్రాంతి, మంచి తిండి, అంతే వైద్యం. అంటే ఒక ఇల్లాలు పనులన్నీ మానేసి చెట్ల కింద పడుకుని చల్లగాలి పీల్చాలంటే ముందు ఊపిరితిత్తులు పాడవ్వాలన్నమాట! ఆరోగ్యంగా ఉన్న మనిషి అదే గాలికోసం వెళ్తే మాత్రం దాని పేరు షోకు.

తాండూరులో నాకో స్నేహితురాలుంది. ఏభైకి దగ్గరపడింది. భర్త నాపరాళ్ళ పాలిషింగు యూనిట్లో లెక్కలు రాస్తాడు. పిల్లలిద్దరూ ఎవరి బతుకులు వాళ్ళు చూసుకున్నారు. ఇంట్లో ఎనభై దాటిన అత్తగారు. పోయిన డిసెంబరు చివర్లో ఈ దంపతులిద్దరూ సిమ్లా వెళ్ళాలనుకున్నారు. పెళ్ళయిన ఇరవయ్యారేళ్ళకి ఇద్దరే కలిసి చేసే మొదటి ప్రయాణం.

"చలికోసం అంతదూరం ఎందుకమ్మా? ఇక్కడ లేదా చలి?" అన్నారు అందరూ. నిజమే. మా జిల్లాలో జనవరి తెల్లవారుజామున ఒక్కోసారి పది డిగ్రీల కిందికి దిగిపోతుంది. కానీ ఆ చలిలో లేచి నీళ్ళు కాచేది ఎవరు? జొన్నరొట్టెల పిండి కలిపేది ఎవరు? మనింట్లో చలి కూడా ఒక పనే. ఇంకొకరు టీ కప్పు చేతికిస్తే గానీ చలి వేడుక కాదు.

"అమ్మకి ఏమని చెబుదాం?" అన్న సమస్య వచ్చింది. భర్తే ఉపాయం చెప్పాడట. సిమ్లాలో జాఖూ కొండమీద హనుమంతుడి గుడి ఉంది. 2010లో అక్కడ 108 అడుగుల విగ్రహం కూడా నిలబెట్టారు. "మొక్కున్నదని చెప్దాం. ఎవ్వరేమనరు."

ఆవిడ ఒప్పుకోలేదు. "గుడికి పోత, దండం పెడ్త. గాని మొక్కని అబద్ధం చెప్ప. మంచు చూడబోతున్నమనే చెప్త."

ఇంత చిన్న అబద్ధానికి అంత పట్టుదల ఎందుకూ అని మీకు అనిపించవచ్చు. నాకు మాత్రం ఆవిడ పట్టుదలలో న్యాయం కనిపించింది. మనం సంతోషానికి మొక్కు ముసుగు వేసిన ప్రతిసారీ, ఉత్త సంతోషం తప్పేనని మనమే ఒప్పుకుంటున్నాం. ఆ అబద్ధం మనతో పోదు. రేపు మన కోడలికి ఇంకాస్త పెద్ద మొక్కు కావాల్సి వస్తుంది. ఒకరి మొక్కు మరొకరి కాలికి సంకెల అవుతుంది.

వీధిలో అందరూ ఒకటే ప్రశ్న. "అత్తమ్మను ఎవరికి అప్పజెప్పి పోతున్నవ్?" ఆయన్ని మాత్రం ఒక్కరూ అడగలేదు. ముసలావిడ కన్నతల్లి ఆయనకే కదా!

అయినా ఆ ప్రశ్నని తోసెయ్యకూడదు. అడగడంలో పక్షపాతం ఉందేగానీ, ప్రశ్నలో నిజం ఉంది. మన సెలవు ఎప్పుడూ ఇంకొకరి పనిమీద నిలబడుతుంది. పుణ్యమైనా అంతే. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న చెన్నపట్నం నుంచి కాశీకి బయల్దేరి పదిహేను నెలలు తిరిగొచ్చారు. వెంట నూరుమంది దాకా జనం. వాళ్ళలో పల్లకీ మోసిన బోయీలూ ఉన్నారు. యాత్ర చేసిన పుణ్యం ఒకరిది, భుజాల మీది కాయలు ఇంకొకరివి. కాబట్టి తీర్థయాత్ర నిస్వార్థం, విహారయాత్ర స్వార్థం అని గీత గియ్యడానికి వీల్లేదు.

సిమ్లా అయితే పుట్టడమే ఇతరుల వీపులమీద పుట్టింది. 1864లో తెల్లదొరలు దాన్ని వేసవి రాజధాని చేసుకున్నారు. కల్కా నుంచి చిన్న రైలు వచ్చింది 1903లో. తొంభయ్యారు కిలోమీటర్లు, నూటరెండు సొరంగాలు. ఆ రైలు వచ్చేదాకా దొరల సామానంతా మనుషులూ, పశువులూ మోస్తేనే కొండెక్కింది. ఈనాటికీ మాల్ రోడ్డు మీద మామూలు బళ్ళని తిరగనివ్వరు. అంచేత గ్యాసు సిలిండర్లూ, బీరువాలూ కూలీల వీపుమీదే ఎక్కుతాయి. అలాంటి ముసలి కూలీ ఒకాయన ఎదురైతే తన కొత్త శాలువా బరువెక్కినట్టయిందని చెప్పింది నా స్నేహితురాలు. తాండూరు బండల గనుల్లో ఆడకూలీలు గుర్తొచ్చారట. వాళ్ళకి సెలవంటే పని దొరకని రోజే. ఆ రోజు కూలీ కూడా ఉండదు.

అలాగని సంతోషం మానుకుంటే ఆ కూలీ వీపు తేలికవుతుందా? కాదు. నేను సుఖపడకపోవడం వల్ల ఎవరి కష్టమూ తగ్గదు. అయితే నేను ఎవరి భుజంమీద నిలబడి మంచు చూస్తున్నానో తెలుసుకోకపోతే మాత్రం అది స్వార్థమే. తెలిసి కూడా ఆ బాకీ తీర్చకపోతే అంతకన్నా పెద్ద స్వార్థం. సుఖపడే హక్కు మనకుందా లేదా అన్నది అసలు ప్రశ్న కాదు. మన బరువు ఎత్తుకున్నవాళ్ళకి తిరిగి మన భుజం ఇస్తున్నామా లేదా అన్నదే ప్రశ్న. ఏమంటారు?

ఆ ఎనిమిది రోజులూ తాండూరు ఇంట్లో బరువెత్తుకున్నది వికారాబాదులో ఉండే తోడికోడలు. మావైపు యారాలు అంటారు. అత్తగారికి వేళకి మందులిచ్చింది, కాళ్ళు పట్టింది, రాత్రిళ్ళు లేచింది. తనకి తెలిసిన విహారమల్లా అనంతగిరి జాతరే.

తిరిగొచ్చాక అత్తగారు అలిగి కూర్చుంటుందని నా స్నేహితురాలు భయపడిందట. ఆవిడ దగ్గరికి పిలిచి, "మంచు ఎట్లుంటది? చేతుల పడితే నిలుస్తదా?" అని అడిగింది. కుఫ్రీ దగ్గర చూసిన మంచు గురించి మూడు సాయంత్రాలు చెప్పించుకుంది. మొక్కని అబద్ధం చెప్పి ఉంటే, చేతికి ప్రసాదం వచ్చేదేగానీ ఈ కబురు వచ్చేది కాదు ఆ ముసలి ప్రాణానికి.

తరువాత నా స్నేహితురాలు యారాలితో అంది. "ఇగ నీ వంతు. మరిదిని తోలుకొని ఎక్కడికన్న పోయిరా. అత్తమ్మ దగ్గర నేనుంట."

ఆ అమ్మాయి నమ్మలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, "పోత గాని అక్కా, ఏం కారణం చెప్పాలె?" అంది.

"కారణం వద్దు," అంది నా స్నేహితురాలు. "తారీకు చెప్పు, చాలు."