హిమము పడు దినములు

వాక్యభాగము: కీర్తనలు 147:16-18, యోబు 37:6, 7



నూట నలుబది యేడవ కీర్తనను మన ఆరాధనలలో తరచుగా చదువుచున్నాము. విరిగిన హృదయములను దేవుడు బాగుచేయుననుమాట దగ్గర నిలిచి ఆదరణ పొందుచున్నాము. నక్షత్రములకు పేరులు పెట్టి పిలుచువాడను మాట దగ్గర ఆశ్చర్యపడుచున్నాము. అయితే పదునారవ వచనము రాగానే మన నోరు చదువునే గాని మనస్సు దాటిపోవును. దేవుడు హిమమును ఉన్నివలె పరచుననియు, బూడిద చల్లినట్లు మంచుపొడిని చల్లుననియు, ఆయన పంపు చలికి ఎవరు తాళగలరనియు కీర్తనకారుడు అచ్చట అడుగుచున్నాడు. అనకాపల్లివారికి ఇది ఎట్లు బోధపడును? మన చలికాలమనగా తెల్లవారుజామున శారదానది మీద కమ్మిన పొగమంచు, చెరకు ఆకుల మీది తడి, బెల్లము వండు పొయ్యి చుట్టు తువ్వాలు కప్పుకొని కూర్చుండు పెద్దలు. తొమ్మిది గంటలకు ఎండ వచ్చును, తువ్వాలు భుజము మీదికి దిగును. అంతటితో మన చలి ముగిసినది.

మన భాషయే దీనికి సాక్షి. గడ్డిమీది బిందువు మంచే, దారి కనబడకుండ చేయు పొగయు మంచే, సోడాకొట్టులోని గడ్డయు మంచే, హిమాలయముల మీద పడునదియు మంచే. అన్నిటికి ఒకటే మాట. బైబిలును మన భాషలోనికి తెచ్చిన పెద్దలు ఈ ఇబ్బంది ఎరిగి, ఆకాశమునుండి తెల్లగా రాలుదానికి హిమమని సంస్కృతపు మాటను తెచ్చుకొనిరి. చూడనిదానికి ఇంటిమాట ఎట్లుండును?

కాని ఇప్పుడు మన సంఘములలో హిమమును చూచినవారు లేరనుటకు వీలులేదు. మన పిల్లలు టొరంటోలోను, మిస్సిసాగాలోను, హామిల్టనులోను, ఇంకను అమెరికాలో షికాగో, డెట్రాయిటు, బఫెలో పట్టణములలోను ఉద్యోగములు చేయుచున్నారు, చదువుకొనుచున్నారు. ఆ పట్టణములన్నియు గొప్ప సరస్సులను ఆనుకొని గాని వాటికి దగ్గరగా గాని ఉన్నవి. సరస్సనగా మన ఊరి చెరువువంటిది కాదు. ఆ అయిదు సరస్సులలో పెద్దదైన సుపీరియరు సరస్సు వైశాల్యము సుమారు 82,000 చదరపు కిలోమీటర్లు. అది మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రములో సగమంత నీరు! భూమిమీద పైపైన నిలిచియున్న మంచినీటిలో దాదాపు అయిదవవంతు ఆ సరస్సులలోనే ఉన్నది. ఒడ్డున నిలిచి చూచువానికి ఆవలి దరి కనబడదు. పూడిమడక తీరమున సముద్రము చూచినట్లే ఉండును గాని నోట వేసికొనిన ఉప్పగా ఉండదు.

ఆ సరస్సుల పని దేవుని వివేకమునకు సాక్ష్యముగా ఉన్నది. వేసవియంతయు ఎండను త్రాగిన నీరు త్వరగా చల్లారదు. డిసెంబరులో ఉత్తరమునుండి ఎముకలు కొరుకు పొడిగాలి ఆ నీటి మీదుగా సాగి, దారిలో వెచ్చదనమును తేమను ఎత్తుకొని, ఎదురుగట్టు చేరగానే ఆ తేమనంతటిని హిమముగా దించివేయును. కాబట్టి సరస్సునకు గాలి దిగువనున్న ఊళ్లలో నడుములోతు పడినప్పుడు, కొద్ది మైళ్ల దూరములో ఎండ కాయుచుండుటయు కలదు. మరియు నీరు నాలుగు డిగ్రీల చలి వద్ద మిక్కిలి బరువుగా ఉండి అడుగునకు దిగును. అంతకంటె చల్లబడినది తేలికయై పైననే నిలిచి గడ్డకట్టును. ఇతర వస్తువులనేకము గడ్డకట్టినప్పుడు బరువెక్కి మునుగును, నీరు మాత్రము గడ్డయై తేలును. అట్లు కాకపోయినయెడల సరస్సు అడుగునుండి పైవరకు రాయియై చేపలన్నియు చచ్చియుండెడివి. పైన కప్పు వేసి, క్రింద ప్రాణులను కాచుచున్నాడు మన దేవుడు. టొరంటోకు ఉత్తరముననున్న సిమ్కో సరస్సు మీద జనులు గడ్డకు రంధ్రము తొలిచి, దాని ప్రక్క ముక్కాలిపీట వేసికొని గాలము వేయుదురు. గలిలయ జాలరియైన పేతురు దీనిని చూచియుండిన ఏమనియుండునో!

హిమపు రేకు ఒక్కొక్కటి ఆరు కోణములు గలది. అమెరికాలో వెర్మాంటు రాష్ట్రపు రైతు విల్సన్ బెంట్లీ అను ఆయన 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి ఒక రేకును ఫోటో తీసెను. 1931లో మరణించువరకు అయిదువేలకు పైగా తీసెను. పొరుగువారు నవ్విరట. చేతిమీద పడి క్షణములో కరుగుదానికి ఇంత అలంకారమెందుకని మేమును తలంచుచుందుము. చూచువాడు లేకున్నను దేవుడు తన పనిని పొదుపుగా చేయడు. హిమపు నిధులలోనికి నీవు ప్రవేశించితివా యని యోబును ఆయన అడిగెను (38:22). ఆ రైతు ఆ గది గుమ్మము దాక పోయెనని చెప్పవచ్చును.

ఇప్పుడు యోబు గ్రంథము ముప్పది యేడవ అధ్యాయము తెరువుడి. భూమిమీద పడుమని దేవుడు హిమముతో చెప్పుచున్నాడని ఎలీహు ఆరవ వచనములో చెప్పి, వెంటనే, అందరును ఆయన కార్యమును తెలిసికొనునట్లు దేవుడు ప్రతి మనుష్యుని చేతికి ముద్రవేయుచున్నాడనుచున్నాడు. ఈ వచనము మేము సెమినరీలో చదువుకొనుచున్న దినములలో మాకు బోధపడలేదు. హిమమునకు చేతి ముద్రకు సంబంధమేమి? మొన్న క్రిస్మసుకు సెలవుమీద వచ్చిన మన సంఘపు యువకుడొకడు చెప్పినప్పుడు తెలిసినది. పెద్ద హిమము పడిన దినమున బడులు మూయుదురు, బస్సులు నిలిచిపోవును, విమానములు ఎగురవు. మనుష్యుని చేయి కట్టివేయబడును. పొలమువాడు పొలము విడిచి, ఆఫీసువాడు ఆఫీసు విడిచి ఇంటిలో కూర్చుండి కిటికీలోనుండి దేవుని పనిని చూడవలసినదే. ఊరంతయు సద్దు మణిగి, హిమము శబ్దమును మ్రింగివేయును. ఆ నిశ్శబ్దములో తనకు మొదటిసారి ప్రార్థన వచ్చినదని ఆ యువకుడు చెప్పెను. సంవత్సరములో యాబది రెండు ఆదివారములు దేవుడు మనకు విశ్రాంతినిచ్చినను, గానుగ ఆపినవారెందరు? దుకాణము మూసినవారెందరు? అచ్చట ఆయనే మూయించుచున్నాడు. ఆ తరువాత పిల్లలు చక్రములు లేని బండ్లమీద మెరక దిగి జారుదురు, హిమముతో బొమ్మను చేసి ముక్కునకు క్యారెట్టు గ్రుచ్చుదురు, ఉండలు చేసి ఒకరిమీద నొకరు విసరుకొందురు. పెద్దలును పిల్లలగుదురు. దీనిని లోకానుసారమైన ఆటయని మేము ఎంచము.

ఇట్లుండగా మన సంఘములోని ఒక తల్లి ఆరాధన తరువాత మా యొద్ద నిలిచి, "అయ్యగారండి, మా బాబు మంచు బాగుందంతన్నాడండి" అనెను. మేము సంతోషించి, మంచిదేకదమ్మా అంటిమి. ఆమె కొంగు నోటికి అడ్డము పెట్టుకొని, "మొదటి రెండేళ్లు ఫోన్లో ఏడిసేవోడండి. నాలుగ్గంటలకే చీకటడిపోతందమ్మా, ఎండ లేదమ్మా, ఒచ్చేత్తానమ్మా అనీవోడు. ఇప్పుడు బాగుందంతన్నాడు. బాగుందంటే ఇంక రాడన్నమాటే గదండి" అనెను.

ప్రియులారా, ఇది తేలికగా తీసివేయదగిన మాట కాదు. బిడ్డ దుఃఖించుచున్నంతకాలము తల్లికి ఒక నిరీక్షణ. బిడ్డ సంతోషించుట మొదలుపెట్టగానే ఆ నిరీక్షణ పోయినది. అతడు దుఃఖపడవలెనని ఆమె కోరుటలేదు. సంతోషపడుమనియు నోరార అనలేకున్నది. ఆమెకు మేము వెంటనే ఏ వచనమును చెప్పలేదు. ఇంటికి వచ్చి యిర్మీయా ఇరువది తొమ్మిదవ అధ్యాయము తీసితిమి. బబులోనునకు పోయినవారికి దేవుడు వ్రాయించిన ఉత్తరమది. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, వాటి ఫలములు తినుడి, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడి యని ఆయన వ్రాయించెను. అది చెరలోనున్న కుమారులకు అందిన ఉత్తరము. యెరూషలేములో మిగిలియున్న తల్లులు దానిని విని ఏమనుకొనిరో వ్రాయబడలేదు. వారును మన తల్లివలెనే కొంగు అడ్డము పెట్టుకొనియుందురని మా తలంపు.

అయితే మన ప్రాంతపు క్రైస్తవులమైన మనకు ఈ సంగతి తిరుగవేసి చూచుటకు ఒక హక్కు ఉన్నది. 1874లో కాకినాడలో కెనడా బాప్టిస్టు మిషను పని ఆరంభమైనది. అంతకుముందే మన తెలుగువాడైన తామసు గాబ్రియేలు ఆ ప్రాంతములో పనిచేయుచు, రండని వారిని పిలిచెను. జాన్ మెక్లారిన్ దొర వచ్చెను. ఆయన వెనుక అనేకులు వచ్చిరి. వారిలో చాలమంది ఆంటారియో ప్రాంతమువారే, అనగా మన పిల్లలు నేడు నడుచుచున్న ఆ హిమములోనే నడచి పెరిగినవారు. వారి తల్లులకు ఫోను లేదు, చిత్రము లేదు. ఉత్తరము ఓడమీద వారములు ప్రయాణముచేసి చేరెడిది. ఆ ఉత్తరములో కుమార్తె "అమ్మా, ఇచ్చటి ఎండ నాకు అలవాటైనది, ఈ జనులు నాకు ప్రియులైరి" అని వ్రాసినప్పుడు, ఆ సరస్సు ఒడ్డున కూర్చున్న తల్లి కూడ, ఇక రాదన్నమాటే యని అనుకొనియుండదా? కొందరు నిజముగానే తిరిగి పోలేదు, వారి సమాధులు మన నేలలోనే ఉన్నవి. మన బడులును ఆసుపత్రులును ఆ తల్లుల కొంగు తడిసిన ఫలమే. ఈ మాట ఆ సహోదరితో తరువాత చెప్పితిమి. ఆమె చాలసేపు ఊరకుండి, "ఆళ్లకి ఈ ఎండ ఎలా నచ్చిందోనండి" అని మాత్రము అనెను.

ఇక రెండవ ప్రక్క చూడవలెను. ఆయన చలికి ఎవరు తాళగలరని అడిగిన కీర్తనకారుడు ఆటకు అడుగలేదు. 2022 నవంబరులో ఈరీ సరస్సు మీదినుండి వచ్చిన హిమము బఫెలో దగ్గరి ఊళ్లలో ఆరడుగులకు పైగా పడెను. మరుసటి నెల క్రిస్మసు దినములలోనే వచ్చిన గాలివానవంటి హిమపు తుపానులో ఆ ప్రాంతమున 40 మందికి పైగా చనిపోయిరి. కొందరు కార్లలో చిక్కుకొనిరి, కొందరు వెచ్చదనము లేని ఇండ్లలోనే ఉండిపోయిరి. వెచ్చని గదిలోనుండి చూచువానికి అది ఉన్ని, గది లేనివానికి బూడిద. సామెతలలోని గుణవతియైన స్త్రీ చలికాలమునకు భయపడదని చదువుచున్నాము (31:21). మూలభాషలో అచ్చట హిమమను మాటయే ఉన్నది. ఆమె ధైర్యమునకు కారణము కూడ ఆ వచనములోనే ఉన్నది: ఇంటిలో అందరికిని మంచి బట్టలున్నవి. బట్టలు నేసిన తరువాతనే ఆమె భయపడకుండెను.

అంత దూరము పోనక్కరలేదు. నర్సీపట్నము దాటి ఘాటురోడ్డు ఎక్కినచో లంబసింగి వచ్చును. అది 2022 ఏప్రిల్ నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలోనిది, సముద్రమట్టమునకు ఇంచుమించు వెయ్యి మీటర్ల ఎత్తు. సరస్సుల దేశపు హిమము అచ్చట రాలదు గాని కొన్ని రాత్రులు చలి సున్నకు చేరువై గడ్డిమీద మంచు పేరుకొనును. ఆ ఊరికి కొర్రబయలు అను పేరు కూడ కలదు. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లవారునప్పటికి కొయ్యయగునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. డిసెంబరు, జనవరి నెలలలో శనివారము రాత్రి మన ఊరి మీదుగా కార్లు బారులు తీరి అచ్చటికి పోవుచున్నవి. తెల్లవారుజామున మబ్బులు కాళ్లక్రింద చూచి, టీ త్రాగి, ఫోటోలు తీసికొని మధ్యాహ్నమునకు దిగివచ్చుచున్నారు. మన యువజనులును పోవుచున్నారు. పొండి, మేము వలదనము. ఆరాధన వేళకు దిగిరండని మాత్రము కోరుచున్నాము. అయితే ఫోటోలో మీ వెనుక చలిమంట దగ్గర ఒక గిరిజన ముసలాయన పలుచని దుప్పటితో కూర్చున్నాడు, చూచితిరా? మీరు ఒక్క ఉదయము అనుభవింపవచ్చిన చలిని అతడు నాలుగు నెలలు మోయవలెను.

తాకట్టు పెట్టుకొనిన వస్త్రమును ప్రొద్దు గ్రుంకకమునుపే తిరిగి ఇయ్యవలెనని నిర్గమకాండములో ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది (22:26, 27). పేదవాడు మరి దేనితో పండుకొనునని దేవుడే అడుగుచున్నాడు. మెలితే ద్వీపవాసులు సువార్త విననివారైనను, వానకును చలికిని వణకుచున్న పౌలునకు నిప్పు రాజవేసిరి (అపొ. కార్య. 28:2). ఆ పౌలే చెరసాలలోనుండి తిమోతికి వ్రాయుచు, త్రోయలో విడిచిన అంగీని తెమ్మని, చలికాలము రాకమునుపే రమ్మని బ్రతిమాలుచున్నాడు (2 తిమోతి 4:13, 21). అంత గొప్ప అపొస్తలునకు ఒక అంగీ కావలసివచ్చెను.

సరస్సుల దగ్గరనున్న మన పిల్లలు ఈ నెల కొంత సొమ్ము పంపిరి. మొదటి హిమము పడిన దినమున తమలో తాము పోగుచేసికొనిరట. దానితోను, మనము ఇచ్చువాటితోను ఏజెన్సీ గ్రామములకు ఉన్ని దుప్పట్లు కొనదలచితిమి. పాతవి ఇచ్చువారు ఉతికి, చిరుగులు కుట్టి ఇయ్యవలెను. రెండవ ఆదివారము ఆరాధన తరువాత స్త్రీల సమాజమువారు బల్లయొద్ద పుచ్చుకొందురు. బండి బుధవారము తెల్లవారుజామున బయలుదేరును, నలుగురు యువకులకు చోటున్నది. ఆ తల్లి రెండు దుప్పట్లు ముందే తెచ్చి మా వరండాలో పెట్టి వెళ్లినది.